అండీ బటన్

ఏలూరులో నేను నాలుగేళ్ళు పనిచేసిన వర్క్‌షాపులో ఒక నియమం ఉండేది. ఏ యంత్రం బల్ల మీదకి వచ్చినా, విప్పే ముందు అందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయాలి. స్క్రూలెన్ని, వైర్లెన్ని, ఇంతకుముందు ఎవరు ఏం మార్చారు, ఇప్పుడు మనం ఏం మారుస్తున్నాం. ఆ నియమం పెట్టింది నేనే. ఇప్పుడా ఉద్యోగంలో లేను. ఈమధ్య అక్కడ కొత్తగా చేరినవాళ్ళిద్దరు ఫోన్ చేసి, ఇలాంటి యంత్రాలకి మార్పులు చేసేటప్పుడు చూసుకోవలసినవన్నీ ఒక జాబితాగా రాసివ్వమన్నారు. రాసి పంపాను. పంపాక మళ్ళీ చదువుకుంటే, అందులో పెంటపాడు మాస్టారి యంత్రం గురించి ఒక్క ముక్క కూడా లేదు. అది జాబితాలో పట్టే సంగతి కాదు. అందుకని విడిగా రాస్తున్నాను.

మా యంత్రం అరచేతి కంటే కాస్త పెద్దది. లోపల లైనక్స్ నడిచే పూర్తి కంప్యూటరే. దాని సుగుణమల్లా విడిభాగాలు. కీబోర్డు ఒక ముక్క, తెర ఒక ముక్క, బ్యాటరీ ఒకటి, స్పీకరు ఒకటి. నాలుగు స్క్రూలు విప్పితే ఏ ముక్కకా ముక్క ఊడి వస్తుంది, ఆ చోట ఇంకోటి పెట్టుకోవచ్చు. తాడేపల్లిగూడెం రైసుమిల్లులకి ధాన్యంలో తేమ చూసే ముక్క తగిలించి ఇచ్చేవాళ్ళం. కొల్లేరు పక్క చేపల చెరువుల వాళ్ళకి నీళ్ళలో ముంచే ముక్క తగిలించి ఇచ్చేవాళ్ళం. పెంటపాడులో ఒక మాస్టారికి మాత్రం గొంతు తగిలించి ఇచ్చాం.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గొంతులో క్యాన్సరొస్తే ఆపరేషన్ చేసి మాట పుట్టే చోటునే తీసేశారు. మనిషి బాగానే కోలుకున్నారు, మాటే పోయింది. మెడ దగ్గర ఊపిరి తీసుకునే రంధ్రానికి అడ్డంగా తెల్లటి గుడ్డ కట్టుకుని, ఎదురుగా యంత్రం పెట్టుకుని కూర్చునేవారు. కీబోర్డు మీద కొడితే యంత్రం ఆయన బదులు మాట్లాడేది. మాట మాటా పూర్తిగా కొట్టాలంటే అవతలివాళ్ళకి ఓపిక ఉండదు కాబట్టి, రోజూ వాడే వాక్యాలకి ఒక్కక్షరం గుర్తులు పెట్టాం. ‘కా’ అని కొడితే కాఫీ అడుగుతుంది. ‘కూ’ అని కొడితే కూర్చోమంటుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేను.

బటన్ మాత్రం నా ఆలోచన కాదు. మా వర్క్‌షాపులో నాకంటే పాతికేళ్ళు పెద్దాయన ఒకాయన ఉండేవారు. డిగ్రీ లేదు, రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేస్తూ ఈ పనిలోకి వచ్చారు. నన్ను ‘ఇంజనీరుగారూ’ అని పిలిచేవారు. అందులో మర్యాద పాలెంతో వెక్కిరింత పాలెంతో నాలుగేళ్ళలోనూ తేల్చుకోలేకపోయాను. యంత్రం తయారుచేసే ముందు ఆయన పెంటపాడు వెళ్ళి రెండు రోజులు మాస్టారింటి వరండాలో ఊరికే కూర్చుని వచ్చారు. రెండు రోజుల పని దండగ చేశారని నేను లోపల అనుకున్నాను. తిరిగొచ్చి, యంత్రానికి ఎడమవైపు, బొటనవేలు ఆనే చోట ఒక బటన్ కావాలన్నారు.

బటన్ వదిలేసి మాట్లాడిస్తే యంత్రం ‘కూర్చో’ అంటుంది. నొక్కి పట్టుకుని మాట్లాడిస్తే ‘కూర్చోండి’ అంటుంది. నువ్వు అన్నది మీరు అవుతుంది, వచ్చావు అన్నది వచ్చారు అవుతుంది, బావా అన్నది బావగారూ అవుతుంది. మా ప్రాంతంలో అండీ లేకుండా పూట గడవదు. అదే అండీ పెళ్ళాంతో అంటే వేళాకోళం అనుకుంటుంది. మాస్టారు ఒకే నిమిషంలో వీధిలోవాళ్ళతో ఒక మాట, లోపలున్న ఆవిడతో ఒక మాట అనేవారట. దీనికి బటన్ ఎందుకు, మెనూలో పెడదామని నేనంటే, పెద్దాయన ఒప్పుకోలేదు.

“మర్యాద ఇచ్చినంతసేపూ మనిషి ఏదో ఒకటి చేస్తూ ఉండాలండి ఇంజనీరుగారూ. లేచి నించోవడమో, కండువా తీయడమో. ఆయనకి ఈ వేలు నొక్కి పట్టుకోవడం.”

ఇది సాంకేతికమైన కారణం కాదని నా అభిప్రాయం. అయినా పెట్టాం. రెండేళ్ళు అది ఏ గొడవా లేకుండా పనిచేసింది.

తర్వాత ఒక రోజు మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఆవిడ అన్నగారు మండవల్లిలో ఉంటారు, పౌరోహిత్యం చేసేవారు. పదకొండేళ్ళుగా వీళ్ళింటికి రాకపోకలు లేవు. ఇప్పుడు పెద్దవారైపోయారు, ఒకసారి వచ్చి చూసి వెళ్తానన్నారు. ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. యంత్రం గొంతు కాస్త పెంచగలరా అని అడిగారు. అంతే ఆవిడ అడిగింది.

నేను జాబితా రాసుకున్నాను. శబ్దం చాలదు. స్పీకరుకి బలం ఇచ్చే చిన్న బోర్డు వెయ్యాలి. అది వేస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది, కాబట్టి పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీ పట్టాలంటే లోపల ఎడమవైపు ఖాళీ చెయ్యాలి. ఎడమవైపు ఉన్నది ఆ బటనూ, దాని చట్రమూ, దాని వైర్లూ. కాబట్టి బటన్ తీసెయ్యాలి. దాని బదులు వెనకవైపు ఇటూ అటూ జరిపే చిన్న స్విచ్ పెడితే సరిపోతుంది. పైకి జరిపితే బయటివాళ్ళు, కిందకి జరిపితే ఇంట్లోవాళ్ళు. ఎవరైనా వచ్చినప్పుడు ఒక్కసారి జరిపి వదిలేస్తే చాలు, వాక్యం వాక్యానికీ నొక్కక్కర్లేదు. సాయంత్రానికి ఆయన బొటనవేలు లాగుతోందని ఆవిడ ఒకసారి అన్నది కూడా నాకు గుర్తుంది. జాబితాలో అది కూడా రాసి, పక్కన ‘పరిష్కారం’ అని రాశాను. స్విచ్ ఎటువైపుందో తెలియడానికి ముందువైపు చిన్న ఆకుపచ్చ లైటు అనుకున్నాను. తర్వాత బ్యాటరీ ఆదా అవుతుందని దాన్ని కొట్టేశాను.

ఇప్పుడు చూస్తే ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంది. ఆవిడ అడిగింది ఒకటి, నేను చేసింది నాలుగు. ఒకదాన్నించి ఒకటి ఎంత తేలిగ్గా వచ్చాయంటే, ఎక్కడా ఆగి ఆలోచించే అవసరమే కనపడలేదు.

పెద్దాయన జాబితా చదివి ఒక్క మాట అడిగారు. “బటన్ తీసేస్తున్నట్టు ఆయనతో చెప్పారాండి?”

చెప్తానన్నాను. చెప్పాను కూడా. ఎలా చెప్పానో రాయాలి, ఎందుకంటే ఇది రాయడానికి సగం కారణం అదే.

పెంటపాడు వాళ్ళ వరండాలో బల్ల మీద గుడ్డ పరిచి యంత్రం విప్పాను. నాలుగు స్క్రూలు తీసి, తెర ఒక పక్కన, కీబోర్డు ఒక పక్కన, స్పీకరు ఒక పక్కన వరసగా పెట్టాను. మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకుని చూస్తున్నారు. అప్పుడు చెప్పాను, ఈ బటన్ తీసేస్తున్నానండి, వెనక స్విచ్ వస్తుంది, మీ వేలికి శ్రమ తగ్గుతుంది, మీకు సమ్మతమేనా అని.

ఆయన తల ఊపారు. తర్వాత చెయ్యెత్తి, రెండు వేళ్ళు కలిపి, గాలిలో రాస్తున్నట్టు చూపించారు. నేను వెంటనే సంచిలోంచి ఒప్పుదల ఫారం తీసి, పెన్ను క్యాప్ కూడా తీసి, చేతికిచ్చాను. ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూశారు. చూసి, సంతకం పెట్టారు.

నిజానికి ఆయన అడిగింది పలక. యంత్రం లేనప్పుడు రాసి చూపించడానికి వాళ్ళింట్లో ఒక పలక ఉంది. అది లోపలి గదిలో ఉందనీ, ఆయన దాని కోసమే చెయ్యి ఊపారనీ నాకు చాలా రోజుల తర్వాత ఆవిడ చెప్తే తెలిసింది. ఒక మనిషి గొంతుని ముక్కలు చేసి గుడ్డ మీద పరిచి, మీకు అభ్యంతరమేమైనా ఉందా అని ఆయన్నే అడిగాను. ఫారంలో ‘వినియోగదారుడి అంగీకారం’ అన్న గడిలో టిక్కు పెట్టాను.

పనయ్యాక యంత్రం తిరిగి బిగించి చూపించాను. శబ్దం వీధి చివరికి వినపడింది. మాస్టారు స్విచ్ అటూ ఇటూ జరిపి చూశారు. ఆవిడ సంతోషపడి, ఎల్లుండే అన్నయ్య వస్తున్నారని చెప్పి, ఆ పాత గొడవేమిటో కూడా చెప్పారు. ఎవరింట్లోనో వడుగు. ముహూర్తం దాటిందా లేదా అని పంక్తిలో వాదన వచ్చింది. అన్నగారిది పురోహితుడి పట్టుదల, మాస్టారిది లెక్కల మాస్టారి పట్టుదల. మాటా మాటా పెరిగి, విస్తళ్ళ ముందు అందరూ వింటుండగా మాస్టారు ఆయన్ని, ‘చాల్లే, కూర్చో’ అన్నారు.

“లెక్క ఎవరిది ఒప్పో ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేదు బాబూ” అన్నారావిడ. “ఆ ఒక్క ‘ండి’ లేకపోయింది. దానికే పదకొండేళ్ళు మా అన్నయ్య ఈ గుమ్మం తొక్కలేదు. ఈయన నోటితో ఒక్కసారి కూర్చోండి అంటే చాలు, ఆయనకి ఇంకేం అక్కర్లేదు.”

ఇదంతా నేను విన్నాను. విని కూడా, యంత్రం గురించి నాకొచ్చిన ఆలోచన ఒక్కటే. ఆ రోజు నేనూ వస్తే, ఇంట్లో వాడకం ఎలా ఉందో చూసి చివరి పరీక్ష కాగితం పూర్తిచెయ్యచ్చు. వస్తానన్నాను. ఆవిడ తప్పకుండా రమ్మన్నారు.

ఆ రోజు పదిగంటలకి వెళ్ళి వరండాలో ఓ వారగా కూర్చున్నాను. మాస్టారు ఉతికిన పంచె కట్టుకుని, యంత్రం ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆవిడ లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. కారు చప్పుడుకి కాసేపు ముందు మాస్టారు ఆవిడతో, మంచినీళ్ళు తయారుగా పెట్టు అని చెప్పించారు. అది ఇంట్లోవాళ్ళ మాట. స్విచ్ కిందకి జరిపి ఉండాలి, ఉంది. యంత్రం గొంతు ఖణీమని మోగింది. నా కాగితంలో ‘శబ్దం స్పష్టత’ ఎదురుగా టిక్కు పెట్టాను.

కారు ఆగింది. బావగారు డ్రైవరు భుజం పట్టుకుని దిగి, చేతికర్ర ఆనించుకుంటూ మెట్లెక్కారు. సన్నటి మనిషి, జరీ అంచు కండువా. మాస్టారు లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించబోయి, యంత్రం ఉంది కదా, కుడిచేత్తోనే దణ్ణం పెట్టారు. తర్వాత అదే చేత్తో కొట్టారు. ఎడమ బొటనవేలు యంత్రం పక్కన, పాత బటన్ ఉండే చోట, గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. అక్కడిప్పుడు నున్నటి ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు.

“రా బావా. కూర్చో” అంది యంత్రం. చెవులు వినపడని మనిషికి కూడా వినపడేంత గట్టిగా అంది. నేనలాగే చేశాను కదా.

బావగారు నిలబడిపోయారు. గుమ్మం లోపల ఆవిడ చేతిలో గ్లాసుతో ఆగిపోయారు.

మాస్టారికి అర్థమైంది. యంత్రం తిరగేసి వెనకాల స్విచ్ కోసం వెతుకుతున్నారు. స్విచ్ చిన్నది, చెయ్యి తగిలి జరిగిపోకూడదని లోపలికి నొక్కేసి పెట్టాను, గోరుతో జరపాలి. ఆయన గోళ్ళు పొట్టిగా కత్తిరించుకున్నారు. తల వంచుకుని దాంతోనే పెనుగులాడుతున్నారు.

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. తప్పు నాదని తెలిసిపోయింది. లేచి, ఇది యంత్రం అన్న మాటండి, నేను చేసిన పొరపాటండి, ఆయన మిమ్మల్ని కూర్చోండి అన్నారండి అని చెప్తే అయిపోయేది. మీరు నమ్మాలి, ఆ వాక్యం నా నోట్లో తయారుగా ఉంది. కానీ నా బుర్ర ముందు ఇంకో పని చేసింది. ఇది యంత్రం లోపమా, వాడిన మనిషి స్విచ్ జరపడం మరిచిపోయారా అని తేల్చుకోవడం మొదలుపెట్టింది. మరిచిపోయారు. అయితే యంత్రంలో లోపం లేదు. అయితే నా కాగితంలో ఏ గడిలోనూ తప్పు రాయక్కర్లేదు. ఇంత ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, బావగారు మంచినీళ్ళ గ్లాసు అందుకుని, నిలబడే రెండు గుక్కలు తాగి, గ్లాసు తిరిగి చెల్లెలి చేతికిచ్చేంతసేపు.

“వస్తానండి” అన్నారాయన మాస్టారితో. అండీ చాలా స్పష్టంగా పలికారు. నావైపు కూడా ఒకసారి చూసి తల పంకించి, మెట్లు దిగారు. ఆవిడ వెనకాలే గేటు దాకా వెళ్ళారు. వెనక నించి, కారు కదిలాక, “కూర్చోండి” అన్న మాట ఖణీమని మోగింది. మాస్టారికి స్విచ్ దొరికింది.

ఆ మధ్యాహ్నం ఏలూరు తిరిగొచ్చి పెద్దాయనకి అంతా చెప్పాను. ఆయన మందలిస్తే బాగుండునని చూశాను. ఆయన పాత బటన్ చట్రాన్ని తన సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టారు. నేను చెత్తలో వేసినది, ఆయన ఏరి దాచుకున్నారు.

“ఇంజనీరుగారూ, ఈసారి విప్పే ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి” అన్నారు.

దానికి ముందు నేను చెయ్యవలసింది ఇంకొకటుంది. మర్నాడు బస్సెక్కి మండవల్లి వెళ్ళాను. దారికి రెండువైపులా చెరువులే, నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. దారంతా నాలుగు వాక్యాలు తయారుచేసుకున్నాను, వరసపెట్టి, తర్కంగా. బావగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. గుర్తుపట్టి, రండి, కూర్చోండి అన్నారు. ఆయనకి వినపడదు కాబట్టి నా తప్పుని అరిచి చెప్పవలసి వచ్చింది. బటన్ సంగతీ, స్విచ్ సంగతీ, వేలు పాత చోటనే నొక్కి పట్టుకుందన్న సంగతీ. వీధిలో సైకిలు మీద వెళ్తున్నాయన ఆగి ఒక కాలు కింద పెట్టి విన్నాడు.

బావగారు పూర్తిగా విన్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

“మీరక్కడే ఉన్నారు కదండీ. చేతిలో కాగితం, కలం కూడా ఉన్నాయి.”

“అవునండి.”

“మరి అప్పుడు చెప్పలేదేమండి?”

నాలుగు వాక్యాల్లో దీనికి జవాబు లేదు.

“నేను నమ్ముతున్నానండి” అన్నారాయనే. “అది యంత్రమే అని ఉంటుంది. కానీ ఆయన దాన్ని అవతల పారేసి నా చెయ్యి పట్టుకుంటే చాలు కదండీ. దానికేసే చూస్తూ ఉండిపోయారు. నేను నీళ్ళు తాగే దాకా చూశాను. నాకేసి చూడలేదు.” కండువా భుజం మీదకి లాక్కుని, “మా చెల్లెల్ని రమ్మన్నానని చెప్పండి. ఎప్పుడైనా రావచ్చు. నేనింక అన్ని మెట్లు మళ్ళీ ఎక్కలేనండి” అన్నారు.

మనిషి ఎదురుగా ఉన్నా యంత్రం కేసి చూడక తప్పని పరిస్థితి ఆయనకి కల్పించింది నేనేనని ఆయనకి మళ్ళీ అరిచి చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే లేచి వచ్చేశాను. నాకు గొంతుంది, అయినా రెండుసార్లూ పనికి రాలేదు.

పై వారం పెద్దాయనా నేనూ కలిసి పెంటపాడు వెళ్ళాం. విప్పే ముందు పలక తెప్పించి మాస్టారి ఒళ్ళో పెట్టాం. ఏం కావాలో మీరు చెప్పండి అన్నాను. ఆయన యంత్రంతోనే చెప్పారు, స్విచ్ పైకి జరిపి, మర్యాదగా. పాత బటన్ పెట్టించండి, బ్యాటరీ చిన్నదైనా ఫరవాలేదండి అని. పెద్దాయన వరండాలో కూర్చుని గంటలో పెట్టేశారు. నేను స్క్రూలు అందించాను. బటన్ సరిగ్గా తగులుతోందో లేదో నేనే పరీక్షించాను. ప్రతిసారీ నొక్కి, వదిలి, కూర్చోండి, కూర్చో, కూర్చోండి, కూర్చో. లోపల్నించి ఆవిడ, ఇంక చాలు బాబూ అనేదాకా.

తర్వాత మండవల్లి మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. చెయ్యి పట్టుకోలేదన్న మాట కూడా చెప్పాను. దాచాలనిపించింది, కానీ అప్పటికే ఒకసారి దాచి చూశాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆవిడ ఒక్కరే అప్పుడప్పుడు మండవల్లి వెళ్ళి వస్తున్నారని తెలిసింది. బావగారు మళ్ళీ రాలేదు.

ఆ రోజు మాస్టారు యంత్రం ఒళ్ళో పెట్టుకున్నారు. మేము సామాను సర్దుకుని లేచాం. రెండేళ్ళలో ఆయన నన్నెప్పుడూ మీరనే అన్నారు. నా వయసు వాళ్ళు ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే, అయినా నన్ను ఒక్కసారి కూడా నువ్వనలేదు. రండి, కూర్చోండి, మజ్జిగ పుచ్చుకోండి. బొటనవేలు లాగుతున్నా సరే.

ఆయన ఒక్కక్షరం కొట్టారు.

“భోంచేసి వెళ్ళు” అంది యంత్రం.

పెద్దాయన ఒక్క క్షణం నాకేసి చూసి, చెప్పులు విడవడానికి వంగారు. నన్ను ఇంట్లోవాళ్ళలో కలుపుకున్నారో, నాకివ్వవలసిన మర్యాద ఇంతేనని తేల్చారో, మాస్టారి మొహం చూస్తే తెలియలేదు. అడిగే హక్కు లేదు. లోపలికి వెళ్ళి ఆకు ముందు కూర్చున్నాను. ఆవిడ వడ్డించారు.

ఆ మాట అనిపించినప్పుడు ఆయన బొటనవేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు. నేను చూశాను. బటన్ బాగానే పనిచేస్తోంది, అంతకుముందే ముప్ఫైసార్లు నొక్కి చూశాను.